ఇస్పేటు ఆసు లేని పేక

మొన్న ఆదివారం మా తమ్ముడి మనవరాలు గుంటూరు హాస్టలు నుంచి వస్తూ వస్తూ మూడు పుస్తకాలు మోసుకొచ్చి, నా మంచం మీద వరసగా పరిచి, వీటిలో ఏది ఉంచుకోవాలో, ఏ రెండింటిని తిరిగి పంపెయ్యాలో నువ్వే చెప్పు నానమ్మా అని మఠం వేసుకుని కూర్చుంది. ఏ పోటీ పరీక్షల పుస్తకాలో అనుకుని కళ్లజోడు వెతుక్కున్నాను గానీ, తీరా చూస్తే అవి టారో కార్డులతో జోస్యం చెప్పడం నేర్పే పుస్తకాలు. కార్డులు అప్పుడే కొనేసిందట. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుందామంటే ఒక్కో కార్డుకు ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెబుతున్నారట, అందుకని ఓనమాల నుంచి నేర్పే పుస్తకం ఒకటి కావాలట. ఇంట్లో ఇంకెవరినడిగినా చీవాట్లు పెడతారు, నేనైతే పుస్తకాల కొట్టు పిల్లని కాబట్టి పుస్తకం మంచీ చెడ్డా నాకు తెలుస్తుందని దాని నమ్మకం. అరవై దాటి ఇన్నేళ్లయ్యాక నన్ను పిల్ల అన్నవాళ్లు ఎవరున్నారు చెప్పండి, ఆ మాటకే సగం కరిగిపోయాను.

పుస్తకాలు ఒక్కొక్కటే తీసుకుని, ముందుమాటా విషయసూచికా దాటుకుంటూ, తిన్నగా చావు కార్డు ఉన్న పేజీకి వెళ్లాను. తెల్లగుర్రం మీద ఎముకల గూడు కూర్చుని ఉన్న బొమ్మ. మొదటి పుస్తకం, అబ్బే, ఇది చావు కానే కాదు, కొత్త జీవితానికి గుమ్మం, భయపడకండి అని పసిపిల్లని బుజ్జగించినట్టు రెండు పేజీలు బుజ్జగించింది. రెండోది, ఉద్యోగం మారతారు, ఇల్లు మారతారు అని ఏదో దాటేసింది. మూడోది మాత్రం, ఒకటి ముగిసింది, ముగిసిందని మీకూ తెలుసు అని రాసి ఊరుకుంది. ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. అన్నీ వదిలేసి ఆ పేజీకే ఎందుకెళ్లావు నానమ్మా అని అది అడుగుతూనే ఉంది గానీ, నాకు మాత్రం మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎక్కడో సైకిలు బెల్లు మోగినట్టయింది. దానికి అప్పటికేదో సర్దిచెప్పాను. నా ఈడువాళ్లు మీరు, మీకు చెప్పుకుంటాను.

తెనాలి స్టేషన్ రోడ్డులో మా నాన్నకు పుస్తకాల కొట్టు ఉండేది. వాచకాలు, పలకలు, వ్రతకథలు, పంచాంగాలు చేతికందే అరల్లో ఉండేవి. పై అరలో, నిచ్చెన ఎక్కితే తప్ప అందని చోట, బల్లిపాటు శాస్త్రం, కలల ఫలితాలు, హస్తసాముద్రికం, వాటి పక్కన పేకముక్కలతో జోస్యం చెప్పే పుస్తకాలు ఉండేవి. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ పుస్తకాలు కావలసినవాళ్లు నేరుగా అడిగేవాళ్లు కాదు. ముందొక పెన్సిలు కొని, వానల గురించి మాట్లాడి, పక్కింటావిడ తెమ్మన్నదండీ అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. పాపం ఆ పక్కింటావిడకు ఎన్ని శాస్త్రాలు కావాల్సొచ్చాయో! ఇంటర్ పూర్తయి ఖాళీగా ఉన్న నేను ఆ రోజుల్లో సాయంత్రాలు కొట్లో కూర్చునేదాన్ని, నిచ్చెన ఎక్కే పని నాదే.

ఈ పుస్తకాల విషయంలో మా నాన్నకు ఒక పద్ధతి ఉండేది. మిగతా ఏ పుస్తకమైనా బాగున్న పేజీ తెరిచి చూపించేవాడు, జోస్యం పుస్తకం మాత్రం చెడ్డ పేజీ తెరిచి చేతికిచ్చేవాడు. "అది చదివి కూడా కావాలన్నారంటే నిజంగా కావాల్సినవాళ్లమ్మా. అన్నీ మంచే రాసిన పుస్తకం అమ్మితే వాళ్లు మళ్లీ మన కొట్టు మొహం చూడరు" అనేవాడు. ఇప్పటికీ ఏ జోస్యం పుస్తకం చేతికొచ్చినా నా వేళ్లు ముందు చెడ్డ పేజీనే వెతుకుతాయంటే ఆయన చలవే.

మా అమ్మకు ఆఖరి చెల్లెలు ఒకావిడ, నాకన్నా కొంచెం పెద్దది, వరసకు పిన్ని గానీ నాకు అక్కకింద లెక్క. ఆమెను రేపల్లెలో ఇచ్చారు. బాబాయి అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. నవ్వితే ఇల్లంతా వినపడే మనిషి, ఆదివారం మధ్యాహ్నాలు వసారాలో చాప పరిచి పిన్నినీ, తన తల్లినీ కూర్చోబెట్టి పేకాడేవాడు, అది కూడా చింతగింజలు పెట్టి. ఆవిడ చదువు రాని మనిషే అయినా పేకలో మాత్రం కొడుకు చెయ్యి కనిపెట్టి మరీ కొట్టేది. పిన్ని ఎప్పుడూ ఓడిపోయేది. ఓడినందుకు బాబాయి ఆమె జడలాగి ఏడిపిస్తుంటే, అత్తగారు కొడుకునే కసిరేది.

ఉప్పెన వచ్చిన ఏడు, ఆ ముందురోజు పొద్దున, ధాన్యం బేరం చూడమని యజమాని పంపితే బాబాయి సముద్రం వైపు పల్లెలకు సైకిలు మీద వెళ్లాడు. గుమ్మంలో నిలబడి వెళ్లొస్తానమ్మా అని తల్లికీ, సైకిలెక్కాక బెల్లు కొట్టి భార్యకూ చెప్పి వెళ్లాడట. ఆ తర్వాత ఏం జరిగిందో ఆ ప్రాంతం వాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు తీశాక మిల్లు వాళ్లు వెతగ్గా వెతగ్గా ఒక తుమ్మచెట్టుకు చిక్కుకుని సైకిలు దొరికింది. మనిషి దొరకలేదు. సైకిలు కడిగి తెచ్చి వసారాలో గోడకానించారు. దొరికిన సైకిలు కన్నా దొరకని మనిషి మీదే నమ్మకం పెట్టుకున్నారు అత్తాకోడళ్లిద్దరూ. ఎక్కడో ఒడ్డుకు కొట్టుకుపోయి ఉంటాడు, మతి తప్పి ఉంటుంది, కోలుకున్నాక వస్తాడు. వచ్చిన రోజున తలుపు వేసి ఉంటే ఎలా? అందుకని ఆ అత్తగారు వీధితలుపుకు గడియ పెట్టనిచ్చేది కాదు, పగలూ రాత్రీ దగ్గరగా వేసి ఉంచడమే. అన్నం వార్చినప్పుడల్లా ఒక కంచంలో వేసి మూత పెట్టించేది.

పిన్నికి తోడుగా మా అమ్మ నన్ను తరచూ రేపల్లె పంపేది. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ ఆ రైలు నింపాదిగా పోతుంటే, దిగాక ఏం మాట్లాడాలా అని దారి పొడవునా గుబులుగా ఉండేది. ఒకసారి నన్ను తీసుకెళ్లడానికి స్టేషనుకొచ్చిన పిన్ని, బయట చిలక జోస్యం చెప్పేవాడి ముందు కూర్చుంది. చిలక ఒక ముక్క లాగింది, పడమర నుంచి శుభవార్త అన్నాడు. పిన్ని లేచి నడుస్తూ, "వాడు గింజ పట్టుకున్న వేలు ఎటు చూపిస్తే చిలక అటే లాగుతోందే. దాని చేత అబద్ధం చెప్పించుకోవడం దేనికి, నేనే నేర్చుకుంటా" అంది. ఆ మాట వేళాకోళానికి అందనుకున్నాను. వారం తిరక్కుండా తెనాలి వచ్చి, మా కొట్లో నాన్న ఎదురుగా నిలబడి, పెన్సిలూ కొనకుండా, పక్కింటావిడ పేరూ చెప్పకుండా, పేకముక్కల జోస్యం నేర్పే పుస్తకం కావాలి బావా అని అడిగింది.

నాన్న నా వైపు చూశాడు, నేను నిచ్చెనెక్కి ఉన్నవన్నీ దించాను. ఒకటి లావుపాటిది, సంస్కృతం ఎక్కువ, కొత్తవాళ్లకు కొరుకుడుపడదని పిన్నే పక్కన పెట్టింది. ఒకటి సన్నది, ఏ ముక్క తీసినా ధనలాభం, వస్త్రలాభం. నాన్న అదే తీసుకోమని బతిమాలినట్టు ముందుకు తోశాడు. తన పద్ధతి తానే తప్పడం ఆయన జీవితంలో నేను చూసింది ఆ ఒక్కసారే. పిన్ని దాన్ని తిరగేసి, "ఇది నేను నమ్మినా మా అత్తయ్య నమ్మదు బావా, పేక తెలిసిన మనిషి" అని వెనక్కి తోసేసింది. ఇక మిగిలింది ముక్కకొక పేజీ చొప్పున బొమ్మ వేసి, మంచీ చెడూ రెండూ రాసిన పుస్తకం. నాన్న దానిలో ఇస్పేటు ఆసు పేజీ తెరిచి చేతికిచ్చాడు. ఎవరి గురించి అడుగుతున్నామో ఆ మనిషి ముక్క పక్కన ఈ ఆసు పడితే ఆ మనిషి లేనట్టే అని ఉంది అందులో. పిన్ని అక్కడే నిలబడి ఆ పేజీ చదివింది. చదివి, పుస్తకం మూసి గుండెకానించుకుని, ఇదే ఇవ్వు బావా అంది.

మన ఇళ్లలో అప్పట్లో పుస్తకమేదైనా ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టేవాళ్లం కదా. నాలుగు మూలలా పసుపు రాసి, మంచిరోజు చూసి, మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా ఇంట్లో పెద్దవాళ్లకు వినిపిస్తూ చదవాలి, మధ్యలో తెరవకూడదు. పిన్ని ఈ పుస్తకానికీ అదే మర్యాద చేసింది. మధ్యాహ్నాలు వసారాలో, అత్తగారు ఆకువక్కల పెట్టె ముందేసుకుని కూర్చుంటే, ఆఠీను, డైమను, కళావరు, ఇస్పేటు అని పురాణం చదివినట్టు వరసగా చదివి వినిపించింది. ఇస్పేటు ఆసు పేజీ వచ్చిన రోజు, ఆ పేజీ కూడా ఒక్క అక్షరం మింగకుండా చదివింది. అత్తగారు ఈనె తీస్తున్న ఆకు చేతిలో అలాగే పట్టుకుని అంతా విని, "ఊఁ, తర్వాత?" అంది.

పుస్తకం పూర్తయింది, రేపు పేక పరవాలనుకున్న రోజున, అత్తగారు నీళ్లు పోసుకోడానికి వెళ్లినప్పుడు పిన్ని నన్ను గదిలోకి లాగింది. ఎవరి గురించి అడుగుతామో వాళ్లు ముట్టిన పేకే కావాలని పుస్తకంలో ఉంది కాబట్టి, గూట్లో ఉన్న బాబాయి పేకే తీసింది. ఆమె ఆలోచన నాకు చెప్పకుండానే అర్థమైంది. ఇస్పేటు ఆసు తీసి దాచేస్తే, ఆ ముసలి ప్రాణానికి ఎప్పటికీ ఆ మాట వినే పని ఉండదు. ముక్కలు తిప్పింది, మళ్లీ తిప్పింది, నా చేతికిచ్చి నన్ను వెతకమంది. అన్నీ ఉన్నాయి, ఇస్పేటు ఆసు లేదు. గూట్లో లేదు, చాప కింద లేదు, ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే వసారాలో సైకిలు బెల్లు మోగింది. ఇద్దరం విన్నాం. నేను పరుగున వెళ్లి చూస్తే సైకిలు ఎలా ఉన్నది అలాగే ఉంది, వీధిలో పురుగు కూడా లేదు, ఎండ మాత్రం కొట్టేస్తోంది. ఆ బెల్లు మీట నొక్కి చూశాను. ఉప్పునీటికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది, రెండు చేతులతో నొక్కినా కదల్లేదు. వెనక్కొచ్చి చూద్దును కదా, పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు గానీ కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి.

"ఆయనే వచ్చి తీసుకెళ్లాడే. నేను లేనని చెప్పే ముక్క నీ దగ్గరెందుకని తీసుకెళ్లాడు" అంది.



ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం పేక పరవడం మొదలైంది. బాబాయి ముక్క ఆఠీను రాజు. దాన్ని మధ్యలో పెట్టి, అత్తగారి చేత ఎడమచేత్తో పేక కోయించి, చుట్టూ ముక్కలు వేసేది పిన్ని. ఒకరోజు ప్రయాణం అని వచ్చేది, ఒకరోజు జబ్బు, ఒకరోజు ఆలస్యం. చావు మాత్రం వచ్చేది కాదు, ఎలా వస్తుంది? వేసేటప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్లు, ఆఖరి ముక్క పడ్డాక ఇద్దరూ వదిలేవాళ్లు. పక్కన కూర్చున్న నాకు ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇంకెవరో కూర్చుని, చూపులు దించుకుని ముక్కల వైపే చూస్తున్నట్టు ఉండేది. ఎప్పుడైనా బెల్లు మోగేది. మోగినా ముగ్గురం తల ఎత్తేవాళ్లం కాదు. ఎత్తి చూస్తే ఉండడేమోనని వాళ్ల భయం, ఉంటాడేమోనని నా భయం.

అమృతలూరు నుంచి బాబాయి పెదనాన్నగారు ఏటా వచ్చేవారు. దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించే పద్ధతి ఉందిగా, అది జరిపించేస్తే వాడికీ గతి ఉంటుంది, ఈ పిల్లకూ ఒక దారి ఉంటుందని ఆయన వాదన. మా నాన్నదీ అదే బాధ. బాపట్లలో టీచరు ట్రైనింగుకు దరఖాస్తు కాగితాలు తెచ్చిపెట్టి, వయసు మీరితే తీసుకోరమ్మా అని చెప్పి చెప్పి అలిసిపోయాడు. పిన్ని ఒకటే మాట: "నేను బాపట్లలో ఉండగా ఆయన ఇక్కడికొస్తే?" పేక ఇంకా చెప్పలేదుగా బావా, చెప్పిన రోజున నేనే బొమ్మ చేయిస్తా అనేది. చెప్పే ముక్కే అందులో లేదని ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. అది అనే ధైర్యం నాకెక్కడిది? నాకు పెళ్లయి బాపట్ల వెళ్లిపోయాను, పిల్లలు పుట్టారు. అక్కడ ట్రైనింగు స్కూలు ముందునుంచి వెళ్లినప్పుడల్లా, కొంగులు సర్దుకుంటూ లోపలికి పోయే ఆడపిల్లల్లో పిన్ని కోసం వెతికేవి నా కళ్లు.

ఆ అత్తగారు పోయిన కబురు తెలిసి వెళ్లాను. పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం, వచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయాక, పిన్నీ నేనూ వసారాలో కూర్చుని ఆవిడ సామాను సర్దుతున్నాం. ఆకువక్కల పెట్టె తెరిచి, సున్నపు కాయ తీసి, అడకత్తెర తీసి, అడుగున పరిచిన పాత గుడ్డ దులపబోతే అందులోంచి ఒక ముక్క కిందపడింది. ఇస్పేటు ఆసు. ఒకవైపు సున్నం అంటుకుని, ఒకవైపు కాచు మరకపడి ఎర్రగా ఉంది. ఏదో పొరపాటున పడి ఉంటుందిలే అందామని నోరు తెరిచాను గానీ, ఆ గుడ్డ మడత చూస్తే ఎవరో పదిలంగా దాచి, అప్పుడప్పుడూ తీసి చూసుకుని మళ్లీ దాచినట్టుంది.

పిన్ని ఏడుస్తుందనుకున్నాను. ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని కొంగుతో సున్నం తుడుస్తూ, చాలా నెమ్మదిగా, "కొడుకు వస్తాడని నమ్మిన మనిషి దీన్నెందుకు దాస్తుందే?" అంది. ముక్కను రెండోవైపు తిప్పి, "నేను మాత్రం? నమ్మిన మనిషినైతే ఆ రోజు దీని కోసం ఎందుకు వెతికాను?" అంది. ఒకరి కోసం ఒకరు, ఇన్నేళ్లూ, ఒకే వసారాలో ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరికీ తెలిసిన మాటను ఇద్దరూ దాచుకున్నారు. ముసలావిడ కొడుకుని పోగొట్టుకుంది, కోడలి బొట్టు కూడా పోగొట్టలేకపోయింది. ఈవిడ చూస్తే తన వయసంతా తెచ్చి ఆ ముసలావిడ ఒళ్లో పోసేసింది. నాకు ఏడుపు ఆగలేదు, పిన్నే నన్ను ఊరుకోబెట్టింది. తర్వాత లేచి వెళ్లి వీధితలుపు మూసి గడియ పెట్టింది. ఉప్పెన తర్వాత ఆ గడియ పడటం అదే మొదటిసారి. బిగుసుకుపోయిందేమో, అరచేత్తో గట్టిగా కొడితే గానీ పడలేదు.

ఆ నెలలోనే దర్భబొమ్మ చేయించి దహనం జరిపించారు. పిన్ని బాపట్ల వచ్చేసింది. ట్రైనింగుకు వయసు ఎప్పుడో దాటిపోయింది, ఒక చిన్న ప్రైవేటు బడిలో పసిపిల్లల చేత అక్షరాలు దిద్దించే పని దొరికింది, ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం అదే చేసింది. పిల్లలంటే ప్రాణం పెట్టేది. నవ్వేది, సినిమాలకొచ్చేది, మా పిల్లలతో పేక కూడా ఆడేది, అన్నిసార్లూ ఓడిపోయేది. ఒకే ఒక్కసారి, నా పక్కన కూర్చుని చిక్కుళ్లు తుంచుతూ, "ఆ బెల్లు మాత్రం ఆగలేదే" అంది, చేతిలో పని ఆపకుండా. నేనూ ఆపలేదు.

పోయే ముందు ఆ పేక నాకిచ్చింది. ముక్క విడిగా, పేక విడిగా ఇచ్చింది.

మా తమ్ముడి మనవరాలికి మూడో పుస్తకమే ఉంచుకోమని చెప్పాను. ఎందుకంటే అది అబద్ధం చెప్పదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు బొమ్మల కన్నా అదే ముఖ్యం అన్నాను. సరేనని, పుస్తకం పక్కన పెట్టుకుని కార్డులు కలుపుతూ, మధ్యమధ్యలో ఫోను ఎత్తి చూసుకుంటోంది. ఎవరో అబ్బాయట, దీని మెసేజీ చూశాడట, చూసినట్టు గుర్తు కూడా వచ్చిందట, జవాబు మాత్రం లేదట. మా రోజుల్లో మనిషి ఉన్నాడో లేడో తెలియక ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు ఉన్నాడని తెలుస్తుంది, చూశాడని తెలుస్తుంది, అయినా ఆ పిల్ల కళ్లు మాత్రం పిన్ని కళ్లే. అంతలో బీరువాలో పాత పేక కనిపెట్టి, పక్కన విడిగా ఉన్న ముక్కను చూసి, అయ్యో ఇది విడిపోయింది నానమ్మా అంటూ పేకలో కలపబోయింది. వద్దమ్మా, అలాగే ఉండనీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

అది సోమవారం పొద్దున్నే వెళ్లిపోయింది. ఇప్పుడు తెనాలిలో నేనుంటున్న ఈ అపార్టుమెంటు తలుపు ఉందే, లాగి వదిలితే చాలు, దానంతట అదే గడియ పడిపోతుంది. దొంగల భయం లేదు, మంచిదే, మా అబ్బాయి ఏరికోరి పెట్టించాడు. కానీ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినప్పుడు, కింద వీధిలో ఏ సైకిలు బెల్లు వినపడినా లేచి వెళ్లి తలుపు ఓరగా తీసి, కాలు అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడతాను. నాకు రావలసినవాళ్లు ఎవరూ లేరు. రేపల్లెలో ఆ ఇల్లు పడగొట్టేశారు. బాబాయి పాపం అక్కడిదాకా వచ్చి, ఇల్లు కనపడక, ఇక మిగిలిన నన్ను వెతుక్కుంటూ వస్తే, తలుపు మూసి ఉండకూడదు కదా.